యాభై పౌండ్లు కూడబెట్టుకున్న జోసెఫ్ మెరిక్

1886 జూన్ 24న లండన్‌లోని లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో ఒక మనిషి చుట్టూ జనం మూగారు. అతని తల మీద పెద్ద నల్లటి టోపీ ఉంది. టోపీ అంచు నుంచి మొహం కనిపించకుండా ఒక గుడ్డ వేలాడుతోంది. బయటికి చూడటానికి ఆ గుడ్డలో ఒక చీలిక మాత్రం ఉంది. ఒంటిని పూర్తిగా కప్పే నల్లటి అంగీ, కాళ్లకి సంచుల్లాంటి జోళ్లు. అతను ఏదో చెబుతున్నాడు, ఎవరికీ అర్థం కావడం లేదు. పోలీసులు జనాన్ని తప్పించి అతన్ని పక్కకు తీసుకెళ్లారు. అతని దగ్గర ఒక డాక్టరు పేరున్న కార్డు దొరికింది. లండన్ హాస్పిటల్ సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్‌కి కబురు వెళ్లింది. ట్రీవ్స్ వచ్చి అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు.

జోసెఫ్ కేరీ మెరిక్ పేరు తెలిసినవాళ్లలో ఎక్కువమందికి తెలిసింది ఈ ఘట్టం నుంచే. ‘ఏనుగు మనిషి’ అని ప్రపంచమంతా పిలిచింది ఇతన్నే. క్రూరుడైన ప్రదర్శనకారుడు, దయగల డాక్టరు, చివరికి దొరికిన నీడ: కథ సాధారణంగా ఈ వరసలోనే నడుస్తుంది. అయితే మెరిక్ బతికింది 27 ఏళ్లు. ఆసుపత్రి గదుల్లో గడిచింది అందులో చివరి నాలుగేళ్లలోపే. అంతకుముందు ఇరవై మూడేళ్లకు పైగా అతను లెస్టర్ వీధుల్లో, ఫ్యాక్టరీలో, పేదల పనిశాలలో, ప్రదర్శన బళ్ల మీద బతికాడు. ఆ ఏళ్లలో అతనికి కావలసింది ముఖ్యంగా ఒకటే కనిపిస్తుంది: తన తిండి తాను సంపాదించుకోవడం. ఆ దారులు ఒక్కొక్కటిగా ఎలా మూసుకుపోయాయో చూడకుండా, అతని శరీరాన్ని మాత్రమే వర్ణిస్తూ పోతే మెరిక్ మనకి అందడు.

అతను పుట్టింది 1862 ఆగస్టు 5న, ఇంగ్లండ్‌లోని లెస్టర్ పట్టణంలో. తల్లి మేరీ జేన్ సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పేది. పుట్టినప్పుడు బిడ్డలో తేడా ఏమీ కనిపించలేదు. రెండేళ్లు నిండేలోపు పెదవి దగ్గర వాపు మొదలైంది. తర్వాత నుదుటి మీద ఎముక బుడిపెలా పెరిగింది. చర్మం వదులై గరుకుగా మారింది. కుడి చెయ్యి, రెండు పాదాలు విపరీతంగా లావయ్యాయి. చిన్నతనంలోనే కిందపడి తుంటికి దెబ్బ తగిలింది. అది చీము పట్టి, జీవితాంతం కుంటుతూ నడవాల్సి వచ్చింది. కడుపుతో ఉన్నప్పుడు తల్లిని సంతలో ఏనుగు తోసేసిందని, ఆ భయం వల్లే బిడ్డ ఇలా అయ్యాడని ఆ ఇంట్లో నమ్మేవారు. మెరిక్ కూడా చివరిదాకా అదే నమ్మాడు.

ఈ నమ్మకం తెలుగు పాఠకులకు వింతగా ఏమీ అనిపించదు. పెదవి చీలి పుట్టిన బిడ్డను చూసి ‘గ్రహణం మొర్రి’ అనే మాట మన భాషలో ఇప్పటికీ ఉంది. గ్రహణం రోజు కడుపుతో ఉన్న కోడలు కత్తి పట్టుకుందనో, కూరగాయ తరిగిందనో అత్తగారు లెక్క చెప్పే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. లెస్టర్‌లో ఏనుగు, ఇక్కడ గ్రహణం. రెండుచోట్లా నింద మోసేది తల్లే. బిడ్డ ఎందుకిలా పుట్టాడన్న ప్రశ్నకు జవాబు దొరక్కపోతే మనిషి ఊరుకోలేడు, ఏదో ఒక కారణం కావాలి. ఆ కారణం ఎవరి నెత్తిన పడుతుందన్నది మాత్రం ముందే తేలిపోయి ఉంటుంది.

మెరిక్‌కి పదకొండేళ్లు నిండకుండానే, 1873 మేలో, తల్లి న్యుమోనియాతో చనిపోయింది. తన జీవితంలో అన్నిటికంటే పెద్ద దెబ్బ అదేనని అతను చెప్పుకున్నాడు. మరుసటి ఏడాది తండ్రి రెండో పెళ్లి చేసుకున్నాడు. పదమూడేళ్లకు బడి ఆగిపోయింది. సవతి తల్లి అతన్ని సంపాదించుకు రమ్మని ఒత్తిడి పెట్టేది. చుట్టలు చుట్టే ఫ్యాక్టరీలో పని దొరికింది, దాదాపు రెండేళ్లు చేశాడు. ఈలోగా కుడి చెయ్యి ఎంత బరువెక్కిందంటే, చుట్ట చుట్టేంత సున్నితమైన పని ఇక చేయలేకపోయాడు. ఉద్యోగం పోయింది.

తర్వాత తండ్రి కొట్లోని చిల్లర సామాను ఇల్లిల్లూ తిరిగి అమ్మమన్నాడు. దానికి లైసెన్సు తీసిచ్చాడు. అప్పటికి నోటి దగ్గర పెరిగిన కండ వల్ల మెరిక్ మాట స్పష్టంగా వచ్చేది కాదు. తలుపు తీసినవాళ్లు అతన్ని చూసి భయపడేవారు, కొందరు అసలు తలుపే తీసేవారు కాదు. వీధిలో నడిస్తే జనం వెంటపడేవారు. ఇక అమ్మకం ఎక్కడ సాగుతుంది? ఇంటికి తక్కువ డబ్బుతో వెళితే దెబ్బలు. తిండి దగ్గర కూర్చుంటే ‘నువ్వు సంపాదించినదానికంటే ఎక్కువే తిన్నావు’ అనే దెప్పుళ్లు. ఆ మాటలు పడలేక ఆకలితోనే వీధుల్లో కుంటుకుంటూ తిరిగేవాడినని అతని పేరుతో అచ్చయిన చిన్న ఆత్మకథ పుస్తకంలో ఉంది. చివరికి ఇల్లు వదిలేశాడు. మంగలి పని చేసే బాబాయి చార్లెస్ మెరిక్ అతన్ని చేరదీశాడు. ఈ కథలో గట్టిగా చెప్పుకోవలసిన మనిషి చార్లెస్. సొంత సంసారం ఈదుతూనే సుమారు రెండేళ్లు ఆ కుర్రాడికి తిండి, నీడ ఇచ్చాడు. ఆ రెండేళ్లూ మెరిక్ సామాను అమ్ముతూనే ఉన్నాడు. అయితే అతను బయటికి వస్తే జనం గుమిగూడుతున్నారన్న కారణంతో అధికారులు లైసెన్సు తిరిగి ఇవ్వలేదు.

ఒక్క క్షణం ఈ లైసెన్సు దగ్గర ఆగాలి. గుమిగూడింది జనం. ఎగతాళి చేసింది జనం. శిక్ష మాత్రం పని చేసుకుంటున్నవాడికి పడింది. మెరిక్ జీవితాన్ని కిందికి తోసిన ఘటనల్లో ఇది అన్నిటికంటే మామూలుగా కనిపిస్తుంది. సినిమాల్లో ఇలాంటి కాగితాలు కనిపించవు. కానీ కుడి చెయ్యి పనిచేయకపోయినా రెండు కాళ్లూ ఈడ్చుకుంటూ ఊరంతా తిరిగి బూట్‌పాలిష్ డబ్బాలు, చేతి తొడుగులు అమ్ముకుంటానన్న పిల్లాడిని నిజంగా కూలగొట్టింది ఆ కాగితమే.

1879 డిసెంబర్ చివర్లో, పదిహేడేళ్ల వయసులో, అతను లెస్టర్ వర్క్‌హౌస్‌లో చేరాడు. వర్క్‌హౌస్ అంటే పేదలకు ప్రభుత్వం పెట్టిన పనిశాల. ఎవరూ ఇష్టపడి రాకూడదని దాన్ని కావాలనే కఠినంగా నడిపేవారు. యూనిఫాం, లెక్క ప్రకారం తిండి, గంటల ప్రకారం చాకిరీ. మూడు నెలలకి మెరిక్ బయటికి వచ్చి పని కోసం వెతికాడు. రెండు రోజుల్లోనే తిరిగి వెళ్లక తప్పలేదు. అలా అక్కడ నాలుగేళ్లు గడిచాయి. ఈ మధ్యలో నోటి దగ్గర పెరిగిన కండను అక్కడి ఆసుపత్రి విభాగంలో కోసి తీశారు. అంతకుముందు అది సరిగ్గా తిననీయకుండా, మాట్లాడనీయకుండా అడ్డుపడేది.

ఇక్కడ మెరిక్ తీసుకున్న నిర్ణయాన్ని అతని తరఫు నుంచి చూడాలి. అతను శామ్ టోర్ అనే సంగీత నాటకశాల యజమానికి ఉత్తరం రాశాడు. జనం తన శరీరాన్ని ఎలాగూ ఊరికే చూస్తున్నారు, చూసేవాళ్లు డబ్బు ఇచ్చి చూస్తే ఎలా ఉంటుందన్నది అతని ఆలోచన. అతన్ని ఎవరూ ఎత్తుకెళ్లలేదు, ఎవరూ అమ్మేయలేదు. 1884 ఆగస్టు 3న అతను తనంతట తానే వర్క్‌హౌస్ గేటు దాటాడు. కొన్నాళ్లు ఇంగ్లండ్ మధ్య ప్రాంతపు ఊళ్లలో ప్రదర్శించాక, ఆ ఏడాది చివర్లో లండన్‌కి, టామ్ నార్మన్ అనే ప్రదర్శనకారుడి దగ్గరికి పంపించారు. వైట్‌చాపెల్ రోడ్డులో 123 నంబరు దుకాణం. సరిగ్గా లండన్ హాస్పిటల్‌కి ఎదురుగా.

ఆ దుకాణంలో ఏం జరిగిందన్నదానికి రెండు కథనాలున్నాయి. అవి ఒకదానితో ఒకటి కలవవు. ట్రీవ్స్ 1923లో, అంటే మెరిక్ పోయిన 33 ఏళ్లకు, తన జ్ఞాపకాలు అచ్చు వేశాడు. ఖాళీ దుకాణం, వెనక తెర, తెర వెనక చలికి దుప్పటి కప్పుకుని మంట దగ్గర ముడుచుకుని కూర్చున్న ఆకారం. లేచి నిలబడమని కుక్కను అదిలించినట్టు ప్రదర్శనకారుడు అదిలించాడని ట్రీవ్స్ రాశాడు. ఈ రాత నార్మన్ కంట పడింది. అతను ఒప్పుకోలేదు. వచ్చిన డబ్బు సమానంగా పంచుకునేవాళ్లమని, తన దగ్గరున్న కాలంలో మెరిక్ 50 పౌండ్లు కూడబెట్టాడని చెప్పాడు. ఆ రోజుల్లో అది ఒక కూలి మనిషికి దాదాపు ఏడాది సంపాదన. టోపీ చాచి చిల్లర అడగడం మెరిక్‌కి ఇష్టం లేదని, మనం బిచ్చగాళ్లం కాదు కదా అని అతను అన్నాడని కూడా నార్మన్ చెప్పుకున్నాడు.

నార్మన్ తన వ్యాపారాన్ని సమర్థించుకునే మనిషి. అతని మాటను పూర్తిగా నమ్మనక్కర్లేదు. కానీ ట్రీవ్స్ కూడా తన కథలో తనను రక్షకుడిగా నిలబెట్టుకున్న మనిషే. ఇద్దరినీ పక్కన పెట్టి మెరిక్ పేరున్న ఆ చిన్న పుస్తకాన్ని చూస్తే, ఇంతకుముందు ఎంత ఇబ్బందిపడ్డానో ఇప్పుడు అంత హాయిగా ఉన్నానని, జనం తనను బాగానే చూశారని అందులో ఉంది. అది ప్రదర్శన దగ్గర అమ్మడానికి వేసిన పుస్తకమే, అందులో వ్యాపారం ఉంది. అయినా వర్క్‌హౌస్ నాలుగేళ్లతో పోల్చుకునే మనిషి ఆ మాట మనస్ఫూర్తిగా అనలేడని ఎలా అనుకుంటాం? మొదటిసారి అతని చేతిలో తన సొంత డబ్బు ఉంది.

ట్రీవ్స్ మెరిక్‌ను రోడ్డు అవతలి ఆసుపత్రికి పిలిపించుకుని పరీక్షించాడు. తల చుట్టుకొలత 36 అంగుళాలు. కుడి మణికట్టు చుట్టుకొలత 12 అంగుళాలు. ఒక వేలి చుట్టుకొలతే 5 అంగుళాలు. ఎడమ చెయ్యి మాత్రం ఏ వికారమూ లేకుండా సన్నగా, నాజూకుగా ఉందని అతను ప్రత్యేకంగా రాసుకున్నాడు. 1884 డిసెంబర్ 2న లండన్ పాథలాజికల్ సొసైటీ డాక్టర్ల ముందు మెరిక్‌ను నిలబెట్టాడు. దుకాణంలో డబ్బులిచ్చి చూసినవాళ్లు మామూలు జనం, ఇక్కడ చూసినవాళ్లు చదువుకున్నవాళ్లు. ఇక్కడ మెరిక్‌కి వాటా ఏమీ లేదు. బట్టలు లేకుండా నిలబెట్టేసరికి సంతలో పశువులా అనిపించిందని, ఇక అక్కడికి వెళ్లనని మెరిక్ చెప్పినట్టు నార్మన్ కథనం. వెళ్లేముందు ట్రీవ్స్ ఇచ్చిన కార్డు మాత్రం అతని దగ్గర ఉండిపోయింది.

ఆ దశాబ్దంలో ఇంగ్లండ్‌లో ఇలాంటి ప్రదర్శనల మీద జనానికి ఏవగింపు మొదలైంది. పోలీసులు నార్మన్ దుకాణం మూయించారు. మెరిక్‌ను యూరప్ తీసుకెళ్లారు, అక్కడా ఆదరణ దొరకలేదు. బ్రస్సెల్స్‌లో అప్పటి మేనేజరు ఆ 50 పౌండ్లూ తీసుకుని అతన్ని వదిలేసి పోయాడు. పరాయి దేశం, రాని భాష, ఎవరికీ అర్థం కాని మాట. ఓస్టెండ్‌లో పడవ ఎక్కనివ్వలేదు. ఆంట్‌వెర్ప్ వెళ్లి అక్కడినుంచి హార్విచ్‌కి ఓడ ఎక్కాడు, హార్విచ్ నుంచి లండన్‌కి రైలు. లివర్‌పూల్ స్ట్రీట్ స్టేషన్‌లో జనం చూసిన మనిషి అలా వచ్చాడు. అతను ఏళ్ల తరబడి పడ్డ పాట్లలో మిగిలింది ఆ కార్డు ముక్క ఒక్కటే.

లండన్ హాస్పిటల్ నయంకాని రోగులను ఉంచుకునే చోటు కాదు. అలాంటివాళ్ల కోసమే ఉన్న రెండు సంస్థలను అడిగితే అవీ కాదన్నాయి. అప్పుడు ఆసుపత్రి కమిటీ చైర్మన్ కార్ గామ్ ‘ది టైమ్స్’ పత్రికకు ఉత్తరం రాశాడు. అది 1886 డిసెంబర్ 4న అచ్చయింది. విరాళాలు మెరిక్ జీవితాంతానికి సరిపడా వచ్చాయి. బెడ్‌స్టెడ్ స్క్వేర్ అనే ఆవరణ పక్కన అతనికి రెండు గదులు ఇచ్చారు. గదిలో అద్దం పెట్టవద్దని ట్రీవ్స్ చెప్పాడు. రోజూ స్నానం చేయించడం మొదలుపెట్టాక, అంతవరకు జనం ముక్కు మూసుకునేలా చేసిన చర్మపు దుర్వాసన పోయింది. చిన్న విషయమే. కానీ అతనిలో ‘భయంకరం’ అనిపించిన ఒకటి కేవలం నీళ్లూ సబ్బూ అందక వచ్చిందని దీన్నిబట్టి తెలుస్తుంది.

మెరిక్‌కి బుద్ధి తక్కువని ట్రీవ్స్ మొదట్లో అనుకున్నాడు. అలా ఉంటేనే మేలని కూడా అనుకున్నాడట, తన స్థితి తనకు తెలియకుండా ఉంటుందని. మాట అర్థం చేసుకోవడం అలవాటయ్యాక గాని తెలియలేదు, ఎదుట ఉన్నది బాగా చదువుకునే, అన్నీ గ్రహించే మనిషని. మొహం మీద పెరిగిన ఎముక, కండ వల్ల మెరిక్ నవ్వలేడు, ఏడవగలడు. మొహంలో భావం కదలని మనిషికి లోపల కూడా ఏమీ ఉండదని చూసేవాళ్లు చాలా తొందరగా నిర్ణయించేస్తారు. ఇది నూట నలభై ఏళ్ల కిందటి తప్పు మాత్రమే కాదు. మాట తడబడే మనిషి పక్కన ఉండగా ‘ఈయన ఏం తింటాడు?’ అని తోడు వచ్చినవాళ్లను అడగడం మన పెళ్లిళ్లలో, ఆసుపత్రుల్లో రోజూ వినిపిస్తుంది.

ట్రీవ్స్ తనకు తెలిసిన ఒక యువ వితంతువును మెరిక్ దగ్గరికి తీసుకెళ్లాడు. ఆవిడ పేరు లైలా మాట్యూరిన్. ఆవిడ నవ్వి, చెయ్యి కలిపింది. ఆవిడ వెళ్లాక మెరిక్ మోకాళ్ల మీద తల పెట్టి చాలాసేపు ఏడ్చాడు. తనను చూసి నవ్వి, చెయ్యి కలిపిన మొదటి స్త్రీ ఆవిడేనని చెప్పాడు. ఈ రోజు అతని చేతిరాతతో మిగిలిన ఒకే ఒక్క ఉత్తరం ఆవిడకు రాసిందే. 1887 మేలో ఆసుపత్రి కొత్త భవనాల ప్రారంభానికి వచ్చిన యువరాణి అలెగ్జాండ్రా అతని గదికి వచ్చి చెయ్యి కలిపింది. తర్వాత సంతకం చేసిన ఫోటో పంపింది, ఏటా క్రిస్మస్‌కి కార్డు పంపేది. యువరాణి వెళ్లిన గదికి పెద్దింటివాళ్లు వరస కట్టారు. వాళ్లలో మనసున్నవాళ్లూ ఉన్నారు, ‘మేమూ చూశాం’ అనిపించుకోవడానికి వచ్చినవాళ్లూ ఉన్నారు. దుకాణంలో తెర తీసి చూపించినదానికీ దీనికీ తేడా ఎంత అన్నది న్యాయమైన ప్రశ్నే. తేడా లేదనడం మాత్రం సరికాదు. ఈ గదిలో అతనికి కుర్చీ ఉంది, వచ్చినవాళ్లు పేరు పెట్టి పలకరించారు, చెయ్యి కలిపారు.

ఒక క్రిస్మస్‌కి వెండి సామాను అమర్చిన పెట్టె కావాలని మెరిక్ అడిగాడు. పెద్దమనుషులు ప్రయాణాల్లో వెంట తీసుకెళ్లే రకం. వెండి వీపు ఉన్న బ్రష్షులు, దువ్వెన, దంతపు పిడి కత్తులు, సిగరెట్ల డబ్బా. జుట్టు దువ్వుకోలేడు, గడ్డం గీసుకోలేడు, సిగరెట్ పెదవుల మధ్య నిలవదు. అయినా వాటిని బల్ల మీద వరసగా పేర్చుకుని మురిసిపోయేవాడు. అద్దాన్ని ట్రీవ్స్ ముందే తీసేశాడు. ట్రీవ్స్ దీన్ని చిన్నపిల్లవాడి ఆటగా చూశాడు. పాతికేళ్ల కుర్రాడికి తన ఈడువాళ్ల దగ్గర ఉండేవి తనకూ కావాలనిపించడంలో పిల్లతనం ఏముంది?

అతని చేతులు నిజంగా చేసిన పని ఇంకొకటి ఉంది. అట్ట ముక్కలతో చర్చి నమూనాలు కట్టేవాడు. వాటిలో జర్మనీలోని మైంజ్ కథీడ్రల్ నమూనా ఒకటి భద్రంగా మిగిలింది. సన్నటి కిటికీలు, గోపురాలు, ఇటుకల వరసలు చూస్తే ఎంత ఓపిక పట్టి ఉంటుందో తెలుస్తుంది. కుడి చెయ్యి పెద్దగా సహకరించదు కాబట్టి, ఆ సన్నపని భారమంతా ఆ నాజూకు ఎడమ చెయ్యే మోసి ఉండాలి. చుట్టల ఫ్యాక్టరీ వద్దన్న పనివాడు చివరికి తనకు తానే పని కల్పించుకున్నాడు. కట్టినవి తనను ఆదరించినవాళ్లకు కానుకగా ఇచ్చేవాడు. తీసుకోవడమే తప్ప ఇవ్వడానికి ఏమీ లేని మనిషిగా మిగలకూడదన్న పట్టుదల అందులో కనిపిస్తుంది. నటి మ్యాడ్జ్ కెండల్ చొరవతో డ్రూరీ లేన్ థియేటర్‌లో ఎవరికీ కనపడకుండా కూర్చుని క్రిస్మస్ నాటకం చూశాడు. మూడు వేసవుల్లో లేడీ నైట్లీ అనే ఆవిడ ఎస్టేటులో గడిపాడు. అక్కడ అడవిపూలు ఏరి, ఆరబెట్టి ట్రీవ్స్‌కి ఉత్తరాల్లో పంపేవాడు. ఆసుపత్రిలో చీకటి పడ్డాక మాత్రమే తోటలోకి వెళ్లే మనిషికి పగటిపూట చెట్ల మధ్య నడవడం ఎంత సుఖమో ఊహించుకోవచ్చు.

తల బరువు వల్ల వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అందుకని మోకాళ్లు పైకి ముడుచుకుని, వాటి మీద తల ఆన్చి కూర్చునే నిద్రపోయేవాడు. 1890 ఏప్రిల్ 11 మధ్యాహ్నం మంచం మీద పడుకున్న స్థితిలో చనిపోయి కనిపించాడు. ఊపిరాడక చనిపోయాడని విచారణలో తేల్చారు. తల వెనక్కి వాలి మెడ ఎముక తప్పిందని, అందరిలా పడుకోవాలన్న కోరికతో అతను ప్రయత్నించి ఉంటాడని ట్రీవ్స్ అభిప్రాయపడ్డాడు. శవాన్ని గుర్తుపట్టడానికి లెస్టర్ నుంచి వచ్చింది మళ్లీ ఆ బాబాయే, చార్లెస్.

జబ్బు పేరు తేలడానికి వందేళ్లు పట్టింది. మొదట్లో కొందరు డాక్టర్లు దీన్ని బోదవ్యాధి లాంటిదనుకున్నారు. 1909లో నరాల మీద గడ్డలు లేచే న్యూరోఫైబ్రోమాటోసిస్ అన్నారు, చాలా దశాబ్దాలు అదే ప్రచారంలో ఉంది. ఆ జబ్బున్నవాళ్లు తమ పిల్లలూ ఇలా అయిపోతారని అనవసరంగా బెంగపడ్డారు. 1986లో ఇద్దరు పరిశోధకులు ఇది ప్రొటియస్ సిండ్రోమ్ అని వాదించారు. ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్నది అదే. 2011లో దాని మూలం దొరికింది: కణాల పెరుగుదలను నడిపే ఎకెటీ1 అనే జన్యువులో ఒక్క అక్షరం మారడం. మెరిక్ ఎముకల మీద చేసిన పరీక్షలు మాత్రం తేల్చి చెప్పలేకపోయాయి. ఈ మార్పు తల్లి నుంచీ రాదు, తండ్రి నుంచీ రాదు. పిండం ఎదగడం మొదలయ్యాక ఏదో ఒక కణంలో జరుగుతుంది. ఆ కణం నుంచి పుట్టిన భాగాలే అదుపు లేకుండా పెరుగుతాయి, మిగతావి మామూలుగా ఉంటాయి. ఆ ఎడమ చెయ్యి అంత చక్కగా ఎలా ఉందన్నదానికి సమాధానం ఇదే. సంతలోని ఏనుగుకు దీంతో ఏ సంబంధమూ లేదు. మేరీ జేన్ ఏ తప్పూ చేయలేదు. ఆ మాట ఆమెకు ఎవరైనా చెప్పగలిగేసరికి ఆమె పోయి 138 ఏళ్లయింది.

మన కథల్లో వంకర శరీరం ఉత్తినే ఉండదు. అష్టావక్రుడు కడుపులో ఉండగానే తండ్రి శాపం తగిలి ఎనిమిది వంకరలతో పుడతాడు. జనకుడి సభ నవ్వుతుంది, అతని జ్ఞానం చూసి తల దించుకుంటుంది. కుబ్జకు కృష్ణుడు గడ్డం పట్టి ఎత్తగానే గూని పోతుంది. ఒకచోట వైకల్యాన్ని పాండిత్యం కప్పేసింది, ఇంకోచోట దైవం తీసేసింది. పండితుడు కాకుండా, నయం కాకుండా, ఉన్న శరీరంతోనే ఉద్యోగానికి వెళ్లి సాయంత్రం ఇంటికి వచ్చే మనిషి కథ మనకు చాలా తక్కువ. మెరిక్ మీద వచ్చిన కథలూ అంతే, అతన్ని పుణ్యాత్ముడిని చేశాయి. అతను మంచివాడే, ట్రీవ్స్ అబద్ధం చెప్పలేదు. కానీ పనికి వెళ్లనివ్వడానికి మనిషి అంత మంచివాడు కానవసరం లేదు.

బ్రిటన్‌లో 2010 నాటి సమానత్వ చట్టం తీవ్రమైన రూపవైకల్యాన్ని కూడా వైకల్యంగానే లెక్కిస్తుంది. మొహం బాగాలేదన్న కారణంతో పని నిరాకరిస్తే అది వివక్ష కిందికి వస్తుంది. మన 2016 నాటి చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. యాసిడ్ దాడి బాధితులు, కుష్టు నయమైనవాళ్లు, మరుగుజ్జులు ఈ జాబితాలో ఉన్నారు. పుట్టుకతోనో, కాలిన గాయాలతోనో, కణితులతోనో మొహం మారినవాళ్లకు విడిగా చోటు లేదు. చెయ్యో కాలో కూడా దెబ్బతింటే సర్టిఫికెట్ వస్తుంది, మొహం ఒక్కటే దెబ్బతింటే శాతం లెక్క దగ్గర చిక్కుపడతారు. ఇంటర్వ్యూ గదిలో మాత్రం ముందుగా చూసేది మొహాన్నే. వీధిలో జనం గుమిగూడుతున్నారని లైసెన్సు ఆపిన లెస్టర్ అధికారుల తర్కం, ‘కస్టమర్లు ఇబ్బంది పడతారు’ అనే మాటలో ఇప్పటికీ వినిపిస్తుంది.

పేరు సంగతి ఒకటి మిగిలింది. ట్రీవ్స్ తన జ్ఞాపకాల్లో మెరిక్‌ను ‘జాన్’ అని రాశాడు. నాలుగేళ్లు దాదాపు రోజూ చూసిన మనిషి పేరు అది కాదు. రాతప్రతిలో మొదట జోసెఫ్ అని రాసి, కొట్టేసి జాన్ అని దిద్దాడు. ఎందుకో చెప్పలేదు. తర్వాత నాటకాల్లో, 1980 నాటి సినిమాలో ఆ తప్పు పేరే కొనసాగింది. మెరిక్ సంతకం చేసింది మాత్రం జోసెఫ్ అనే.

చనిపోయాక ట్రీవ్స్ ఆ శరీరానికి పోతపోసిన అచ్చులు తీయించాడు, చర్మం ముక్కలు దాచాడు, అస్థిపంజరాన్ని నిలబెట్టించాడు. చర్మం నమూనాలు రెండో ప్రపంచ యుద్ధ కాలంలో పోయాయి. ఎముకలు ఇప్పటికీ వైట్‌చాపెల్‌లోని వైద్య కళాశాలలో ఉన్నాయి. మామూలు జనానికి చూపించరు, చదువుకునేవాళ్లూ పరిశోధకులూ చూస్తారు. లెస్టర్ తీసుకెళ్లి పూడ్చాలని కొందరు అడుగుతూ వచ్చారు. రోడ్డుకు అవతల, నార్మన్ తెర కట్టిన ఆ దుకాణం ఇంకా నిలబడే ఉంది. నంబరు 259 అయింది. అందులో చాలా ఏళ్లు చీరలు అమ్మారు.